పాలెగాడు – పోలీసు: చుట్టరికం లేని రెండు మాటలు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆగస్టు 15కు మన హైస్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. కోయిలకుంట్ల పిల్లలకు అంతకంటే వేరే విషయం ఎవరిస్తారు? ఖజానా మీద దాడి, జుర్రేటి ఒడ్డున ఉరికంబం, ఇవి అందరూ చెబుతారని తెలుసు. నేను కొత్తగా ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. వేదిక ఎక్కి, గొంతు పెంచి అన్నాను: “ఇంగ్లీషువాళ్లు మన పాలెగాళ్లను చూసి ఎంత బెదిరిపోయారంటే, చివరికి తమ బలగానికి వాళ్ల పేరే పెట్టుకున్నారు. పాలెగాడు పాలిగార్ అయినాడు, పాలిగార్ పోలీస్ అయింది!”

చప్పట్లు మోగిపోయాయి. రెండో బహుమతిగా స్టీలు గ్లాసు వచ్చింది. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

పోటీ అయిపోయినాక మా సోషల్ సారు వరండాలో ఆపారు. “చప్పట్లు బాగానే కొట్టించుకుంటివి గానీ, ఆ మాట యాడ చదివినావురా?”

“యాడా చదవలేదు సార్. రెండూ ఒకే మాదిరి వినపడితే అట్ల చెప్పినా.”

“ఒకే మాదిరి వినపడితే చుట్టాలయిపోతారా? పోయి చూసి రా. చూసినాక వచ్చి నాకు చెప్పు.”

నేను చూడలేదు. టెన్త్ అయింది, పాలిటెక్నిక్ అయింది, తర్వాత ఇంజనీరింగు, ఉద్యోగం, బదిలీలు. సారు కాలం చేసిన వార్త నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్లు ఫోన్ చేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ వరండానే. దాదాపు నలభై ఏళ్లు ఆలస్యంగా అప్పజెబుతున్న హోంవర్కు ఇది.

ముందు పాలిగార్ సంగతి. ఇది ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్న మాటే. పాత ఇంగ్లీషు కాగితాల్లో దీని స్పెల్లింగు ఒక్క తీరుగా ఉండదు. కొందరు మధ్యలో ‘ఐ’ వేస్తారు, కొందరు ‘వై’ వేస్తారు. ‘వై’ వేసిన స్పెల్లింగు నేను మొదటిసారి చూసింది ఇంజనీరింగు చదివేటప్పుడు. అప్పటికి బలాల పాలిగన్లు గీసీ గీసీ ఉన్నాను కాబట్టి, అది కూడా గణితం మాటే అనిపించింది. పాలిగన్‌లో, పాలిటెక్నిక్‌లో ఉన్న ‘పాలి’ గ్రీకు మాట, ‘అనేకం’ అని అర్థం. పాలిగార్‌లోని ‘పాలి’కి దానితో ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషు దొరలు తమకు అలవాటైన అక్షరాలు తొడిగేసరికి మనవాడికి గ్రీకు వేషం పడింది, అంతే.

అసలు మాట పాళెం. మనం పాలెం అని కూడా అంటాం. తమిళంలో పాళైయం, కన్నడంలో పాళెయ. దండు దిగిన చోటు, సైన్యపు విడిది అని దాని పాత అర్థం. దండు ఉన్నచోట అంగడి వెలుస్తుంది, అంగడి ఉన్నచోట ఇళ్లు లేస్తాయి, కొన్నాళ్లకు విడిది కాస్తా ఊరవుతుంది. వేటపాలెం, కంచరపాలెం, తమిళనాడులోని మేట్టుపాళయం, అన్నిట్లోనూ ఆ మాటే ఉంది. ఆ పాళేన్ని ఏలేవాడు పాళెగాడు, తమిళంలో పాళైయక్కారన్. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన ‘హాబ్సన్–జాబ్సన్’ నిఘంటువు ఈ మాటకు తమిళ రూపాన్నే మూలంగా చూపుతూ, ఇంగ్లీషువాళ్ల నోటికి మాత్రం అది తెలుగు నుంచో మరాఠీ నుంచో వచ్చి ఉంటుందని తేల్చింది. చివర ‘డు’ పోయి ‘ర్’ ఎట్లా వచ్చిందో అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఎదురుగా నిలబడి “పాలెగాడు” అనే ధైర్యం ఎవరికుంటుంది? “పాలెగారు” అనే అని ఉంటారు. ఇది నా ఊహ మాత్రమే, సారు ఉంటే ఇక్కడ కూడా “యాడ చదివినావు?” అనేవారు.

ఇదే పేరును దొరలు ఒక జాతి వేటకుక్కకు కూడా పెట్టారు. పాలిగార్ హౌండ్ అనేవాళ్లు. ఇప్పుడు దాన్ని రాజపాళయం కుక్క అంటున్నారు. ఊరి పేరు పెట్టినా పాళెం మాత్రం దాన్ని వదలలేదు.

ఇక పోలీస్. దీని పుట్టిల్లు గ్రీకు. అక్కడ పోలిస్ అంటే నగరం, నగరరాజ్యం. దాని నుంచి పొలితేయా, అంటే పౌరసత్వం, పాలన. అది లాటిన్‌లో పొలీతియా అయి, ఫ్రెంచిలో పోలీస్ అయి, ఇంగ్లీషులోకి నడిచి వచ్చింది. పాలిటిక్స్, మెట్రోపాలిస్, ప్రభుత్వ విధానం అనే అర్థంలో వాడే పాలసీ, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. మనం ఎల్ఐసీకి ప్రీమియం కట్టే పాలసీ మాత్రం ఆ ఇంటిది కాదు. అది రుజువు, రసీదు అనే అర్థం ఉన్న వేరే గ్రీకు మాట నుంచి ఇటలీ మీదుగా వచ్చింది. రెండు పాలసీలకు స్పెల్లింగు ఒకటే, ఉచ్చారణ ఒకటే, చుట్టరికం లేదు. తొమ్మిదో తరగతిలో నాకు ఈ ఒక్క ఉదాహరణ తెలిసి ఉంటే ఆ రోజు నోరు కొంచెం అదుపులో ఉండేదేమో.

18వ శతాబ్దంలో పోలీస్ అంటే లాఠీ పట్టుకున్న మనిషి కాదు. ఊరి నిర్వహణ అంతా పోలీసే. 1760లలో గ్లాస్గోలో ఆడమ్ స్మిత్ విద్యార్థులకు పాఠం చెబుతూ వీధుల శుభ్రత, జనానికి రక్షణ, సరుకులు చవకగా దొరకడం, ఈ మూడింటినీ పోలీస్ కిందే లెక్కవేశాడు. అంటే నేటి మున్సిపాలిటీ, స్టేషను, రేషన్ షాపు కలిపి ఒకే మాట. లండన్‌లో రాబర్ట్ పీల్ యూనిఫాం వేసిన పోలీసు దళాన్ని వీధుల్లోకి దింపింది 1829లో. దాంతో ఆ మాటకు మనకు తెలిసిన అర్థం గట్టిపడింది.

సారు ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోయినట్టే. పాలెగాడు ద్రావిడ భాషల మాట, పోలీసు గ్రీకు మాట. కానీ తవ్వుతూ పోతే ఇంకొకటి బయటపడింది. గ్రీకు పోలిస్, సంస్కృతం పుర, రెండూ ఒకే పాత మూలం నుంచి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మన అనంతపురం, హిందూపురంలో ఉన్న ‘పురం’ పోలీసుకు దూరపు దాయాది. పరాయిది అనుకున్న మాటకు మన ఊళ్ల పేర్లలో చుట్టం దొరికింది, దాని పక్కన నేను బలవంతంగా కూర్చోబెట్టిన పాలెగాడేమో ఏమీ కాడు. సంస్కృతం కుటుంబం వేరు, తెలుగు–తమిళం–కన్నడాల కుటుంబం వేరు అని ఆధారాలతో మొదట అచ్చులో చూపించింది మద్రాసు కలెక్టరు ఎల్లిస్. క్యాంబెల్ దొర రాసిన తెలుగు వ్యాకరణానికి ఆయన ముందుమాట రాశాడు. అది అచ్చయింది 1816లో. మద్రాసు ప్రభుత్వం పోలీసు వ్యవస్థను మార్చేసిన రెగ్యులేషను వచ్చింది కూడా 1816లోనే. కాకతాళీయమే, కానీ నాకు అక్కడ కాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఎందుకంటే మాటలకు చుట్టరికం లేకపోయినా, ఆ మాటలు మోసిన మనుషుల మధ్య లావాదేవీ ఉంది. అది జరిగింది మన తాలూకాలోనే.

పాలెగాళ్లు విజయనగర రాజుల కాలంలో బలపడ్డారు. భూములు అనుభవిస్తూ, రాజు పిలిస్తే బలగంతో వెళ్లాలి, తమ సరిహద్దులో కావలి కాయాలి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పైన గట్టి రాజు లేకుండా పోయాడు, ఎవరి పాళేనికి వాళ్లే రాజులయ్యారు. అయినా కావలి పని ఆగలేదు. ఊరి నుంచి కావలి రుసుము తీసుకుంటారు, దొంగతనం జరిగితే దొంగసొత్తు పట్టివ్వాలి, పట్టివ్వలేకపోతే నష్టం కట్టాలి. మా ఇంజనీర్ల భాషలో ఇది డిఫెక్ట్ లయబిలిటీ. కాంట్రాక్టరు రోడ్డు వేసి బిల్లు తీసుకుని వెళ్లిపోతే కుదరదు, గుంత పడితే తన ఖర్చుతోనే పూడ్చాలి. కాగితం మీద ఎంత చక్కని ఒప్పందం! ఆచరణలో అన్ని చోట్లా అట్లా సాగలేదు. రుసుము ఇవ్వని ఊరిని తామే దోచుకున్న పాలెగాళ్లు ఉన్నారు, పక్క పాలెగాడి మీద కోపంతో వాడి ఊళ్లను తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. నరసింహారెడ్డి మీద ఎంత అభిమానం ఉన్నా, పాలెగాళ్లందరినీ దేవుళ్లను చేయడం నాకు ఇష్టం లేదు. అప్పటి రైతుకు ఒక ఏడాదిలో రెండు చేతులకు పన్ను కట్టిన రోజులున్నాయి.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పజెప్పాడు. దత్తమండలాలని పేరు పడింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చి 1807 దాకా ఉన్నాడు. అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు ఉన్నారని లెక్క. వాళ్ల కింద వేల మంది సాయుధులైన ‘ప్యూన్లు’ ఉన్నట్టు కంపెనీ కాగితాల్లో కనిపిస్తుంది. కాలేజీ రోజుల్లో అది చదివి ఇంతమంది అటెండర్లు ఎందుకా అని నవ్వుకున్నాను. ప్యూన్ అంటే పోర్చుగీసులో కాలిబంటు. మనవాళ్లు బంట్రోతు అన్నది వాళ్లనే. కత్తి పట్టుకున్న బంట్రోతు ఫైలు పట్టుకున్న బంట్రోతు కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మన్రో పాలెగాళ్ల కోటలు తీసేసుకున్నాడు, బలగాలను రద్దు చేశాడు, ఎదురు తిరిగినవాళ్లను వెళ్లగొట్టాడు, కొందరికి నెల నెలా పెన్షన్ పెట్టాడు. అట్లా పెన్షన్ కిందికి వచ్చిన కుటుంబాల్లో నొస్సం పాలెగాళ్లది ఒకటి. నొస్సం జయరామిరెడ్డి మనవడే, అంటే కూతురి కొడుకే, నరసింహారెడ్డి. అతని వంతుకు వచ్చిన పెన్షన్ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. లాటిన్‌లో పెన్షన్‌కు మూలమైన మాటకు తూచి ఇవ్వడం అని అర్థం. 8 పైసల దాకా తూచారంటే ఆ మాటను కంపెనీ బాగానే నిలబెట్టింది!

కావలి రుసుములు, బలగం పోయాక కావలి పని ఎవరిది? 1816 రెగ్యులేషను దాన్ని కలెక్టరు చేతికిచ్చింది. తాలూకాలో తాసీల్దారే పోలీసుకు పెద్ద. ఊళ్లో రెడ్డి, తలారి అతని చెప్పుచేతల్లో ఉండాలి. అంటే పన్ను వసూలు చేసేవాడూ, దొంగను పట్టేవాడూ ఒక్కడే. ఖజానా, కచేరీ ఒకే చోట.

మరి పాలెగాడి కింద నిజంగా రాత్రిళ్లు మెలకువగా ఉండి కావలి కాసినవాళ్ల సంగతి? వాళ్లను మన వైపు కట్టుబడి బంట్రోతులు అనేవాళ్లు. చాలా తక్కువ పన్ను కట్టుబడి చేసి ఇచ్చిన ఇనాం భూమి వాళ్ల జీతం. పాలెగాడు పోయినా వాళ్ల భూములు, వాళ్ల పని కొంతకాలం నడిచాయి. తర్వాత సర్కారు లెక్కలు తిరగేసి, పోలీసు మనదే కదా, వీళ్లకు ఈ భూములెందుకని ఇనాములను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. చెరువు తవ్వించినందుకు, మరమ్మతు చేసినందుకు ఇచ్చే దశబంధం ఇనాములకూ అదే గతి పట్టబోయింది. నీటిపారుదలలో పనిచేసిన నాకు ఆ రెండో సంగతి ఎక్కువ గుచ్చుకుంది. దశబంధం పోతే చెరువు కట్టకు గండి పడిన రాత్రి ఎవడు గంప పట్టుకుని పరుగెత్తుతాడు? కానీ 1846లో మంట రేగింది ముఖ్యంగా కట్టుబడుల దగ్గరే.

నరసింహారెడ్డికి తన గొడవ తనకుంది. నొస్సం కుటుంబంలో పెన్షన్ తీసుకునేవాళ్లు పోయాక వారసులు లేరని కంపెనీ దాన్ని ఆపేసింది. అందులో తనకు వాటా కావాలన్నాడు, ఇవ్వలేదు. కోయిలకుంట్ల ఖజానాలో పెన్షన్ కోసం మనిషిని పంపితే తాసీల్దారు అవమానించి పంపాడనే కథ మనమంతా విన్నదే. కానీ 11 రూపాయల పెన్షన్‌దారు వెంట వందల మంది ఎందుకు నడిచారు? ఆ ప్రశ్న మా పోటీలో ఎవరం వేసుకోలేదు. వాళ్లలో ఎక్కువమంది భూమి పోయిన, పోబోతున్న కట్టుబడులు, బోయలు. వడ్డె ఓబన్న వంటివాళ్లు ముందు నిలబడ్డారు. 1846 జూలైలో వాళ్లు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్కడి మనుషులను చంపారు. తీసుకుపోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలని లెక్క చెబుతారు. పాలెగాడి మనవడు వచ్చి తాసీల్దారు కచేరీని కొట్టాడంటే, రెండు మాటల్లో చెప్పాలంటే, పాలిగార్ పోలీసు మీద పడ్డాడు. ఆ కచేరీయే అప్పటి మన పోలీసు. పోయిన కావలి వచ్చిన కావలిని నిలదీసింది.

కడప కలెక్టరు కాక్రేన్ సైన్యాన్ని దింపాడు. అప్పుడు మనం కడప జిల్లాలో ఉన్నాం. కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1858లో, నంద్యాల జిల్లా అయింది 2022లో. అక్టోబరులో పేరుసోముల కొండల్లో నరసింహారెడ్డి దొరికాడు. దాదాపు 900 మంది మీద కేసులు పెట్టారు. 1847 ఫిబ్రవరి 22న జుర్రేటి దగ్గర ఉరి తీశారు. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా అట్లాగే ఉంచారని చెబుతారు. ముప్పై ఏళ్లు. ఆ తలను చూస్తూ పుట్టి పెరిగి పెళ్లి చేసుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఉండి ఉంటారు. 2019లో ‘సైరా’ సినిమా చూసి వచ్చి మా అబ్బాయి అడిగిన ప్రశ్నలన్నిట్లో నేను జవాబు చెప్పలేకపోయింది ఆ ముప్పై ఏళ్ల గురించి అడిగినదే.

ఆ తర్వాత సంగతులు తొందరగా చెబుతాను. పన్ను, పోలీసు ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో 1855లో మద్రాసు ప్రభుత్వమే వేసిన విచారణ సంఘం తేల్చింది. పన్ను కోసం రైతులను హింసించిన తీర్లు ఆ నివేదిక నిండా ఉన్నాయి. దాని ఫలితంగా 1859లో 24వ చట్టం వచ్చింది. రెవెన్యూ నుంచి విడదీసి పోలీసు శాఖను వేరే పెట్టారు. విలియం రాబిన్సన్ మద్రాసుకు మొదటి పోలీసు పెద్ద అయ్యాడు. 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చింది. కావలి అన్న పాత పనికి ఇక ఒకటే పేరు, పోలీసు. పాలిగార్ నిఘంటువులో మిగిలాడు, అదీ మంచి పేరుతో కాదు. ‘హాబ్సన్–జాబ్సన్’ వాళ్లను అడవి ప్రాంతాల చిన్న సామంతులుగా, దోపిడీ అలవాట్లున్నవాళ్లుగా పరిచయం చేస్తుంది. ఒకప్పుడు కావలి కాసినవాడికి ఆ పుస్తకం కట్టిన బిరుదు అది. గెలిచినవాళ్లు నిఘంటువులు కూడా రాస్తారు.

కట్టుబడికి ఆ మాత్రం చోటూ దక్కలేదు. మన మాటల్లో మాత్రం అది ఇంకా బతికే ఉంది, ఇచ్చిన మాటకు కట్టుబడి ఉన్నాం అంటాం. అట్లా అనేటప్పుడు ఆ పేరుతో రాత్రంతా ఊరి చుట్టూ తిరిగిన మనిషి ఎవరికీ గుర్తురాడు.

అందుకే ఒక మనవి. 1858 తర్వాత ఇనాం కమిషన్ వాళ్లు ఊరూరా విచారించి, మిగిలిన ఇనాములకు పట్టాలు రాసి ఇచ్చారు. కట్టుబడి, తలారి, దశబంధం ఇనాముల పాత కాగితాలు మన పూర్వ విద్యార్థుల ఇళ్లలో, ట్రంకుపెట్టెల అడుగున ఇంకా ఉండి ఉంటాయి. ఉయ్యాలవాడ, నొస్సం, సంజామల, రుద్రవరం వైపు మిత్రులు ముఖ్యంగా ఒకసారి వెతకండి. చెదలు తిన్నా ఫరవాలేదు. స్వర్ణోత్సవం రోజు వెంట తెస్తే ఫొటో తీసుకుని కాగితం మీ చేతికే ఇచ్చేస్తాను. నేను పాత పదో తరగతి గది ముందు, వరండాలోనే కూర్చుని ఉంటాను.